రుబ్బురోళ్ళ దగ్గర ఆగిన మజిలీ

బొమ్మల ప్రదర్శన అనగానే మనవాళ్ళలో చాలామందికి ఒక సంకోచం. గుడికి వెళ్తే ఏం చేయాలో తెలుసు, సముద్రపు ఒడ్డుకు వెళ్తే ఏం చేయాలో తెలుసు. ఆర్ట్ గ్యాలరీకి వెళ్తే ఏం చేయాలి? చేతులు వెనక్కి కట్టుకుని నెమ్మదిగా నడవాలి, పక్కవాళ్ళు తల ఊపితే మనమూ ఊపాలి, బయటికొచ్చి కాఫీ తాగాలి. మా ఇంట్లోనూ ఇదే వరస. అందుకే ఈసారి కొచ్చి గురించి రాయమని సంపాదకులు అడిగినప్పుడు చైనా వలలు, వాస్కో డ గామాను మొదట పూడ్చిపెట్టిన చర్చి, మిరియాల కొట్లు – వీటితో సరిపెట్టేద్దామనే అనుకున్నాను. అవి ఏ టూరిస్టు పుస్తకంలోనైనా దొరుకుతాయి. నాకు ఎక్కువగా గుర్తున్నవి ఆ ఊళ్ళో చూసిన బొమ్మలూ, వాటిని చేసే మనుషులూ. కనుక ఈ సంచికకు ఆ ముచ్చటే.

ముందు ఊరి రూపు చెప్పాలి. కొచ్చి అంటే ఒక ఊరు కాదు, నీళ్ళ మధ్య చెదిరి ఉన్న కొన్ని ఊళ్ళు. మనం రైలు దిగే ఎర్నాకుళం ఇవతలి గట్టు. దానికి ఎదురుగా విల్లింగ్డన్ దీవి. అది దేవుడు చేసిన దీవి కాదు. రాబర్ట్ బ్రిస్టో అనే తెల్ల ఇంజనీరు ఓడరేవు కోసం నీటి అడుగు తవ్వించి, ఆ మట్టినే పోయించి చేసింది. ఉత్తరాన బోల్గట్టి, వల్లార్‌పాడం, వైపిన్ దీవులు. సముద్రం వైపు ఫోర్ట్ కొచ్చి, దాని వీపుకు ఆనుకుని మట్టాంచేరి. 1341లో పెరియార్ నదికి వచ్చిన మహా వరదలో పాత రేవు ముజిరిస్ పూడిపోయి, కొచ్చి దగ్గర సముద్రానికి కొత్త నోరు తెరుచుకుందని చెబుతారు. 2004లో గోశ్రీ వంతెనలు కట్టేదాకా వైపిన్ జనానికి ఎర్నాకుళం రావాలంటే పడవే దిక్కు. 2023 ఏప్రిల్ నుంచి వాటర్ మెట్రో అని బ్యాటరీతో నడిచే చల్లని పడవలు వచ్చాయి. అవి బాగుంటాయి, కాదనను. నాకు మాత్రం పాత సర్కారు పడవే ఇష్టం. గాలి మొహానికి కొడుతుంది, పక్కన చేపల బుట్ట ఉంటుంది.

మట్టాంచేరి బజారు వీధిలో నడుస్తుంటే మనబోటి వాళ్ళకు ఒక చుట్టరికం తోస్తుంది. కొంకణులు, గుజరాతీలు, కచ్చీ మేమన్లు, తమిళ చాకళ్ళు, ఒకప్పుడు యూదులు, తెలుగు మూలం చెప్పుకునే చెట్టి కుటుంబాలు కూడా – ఎక్కడెక్కడి నుంచో వచ్చి తరాల క్రితమే స్థిరపడిన జనం. ఇంట్లో ఒక భాష, వీధిలో ఇంకొకటి. మనం ఎక్కడినుంచి వచ్చామో పిల్లలకు చెప్పుకునే అవస్థ మనకొక్కరికే లేదని అక్కడ తెలుస్తుంది.

ఆ వీధికి ఒక పక్క దుకాణాలు, వాటి వెనక నీటి ఒడ్డు దాకా పొడుగాటి గోడౌన్లు. మిరియాలు, శొంఠి, పసుపు, కొబ్బరి పీచు దిగిన చోట్లు. ఓడరేవు విల్లింగ్డన్ దీవికి మారింది. మొదటి పెద్ద ఓడ లోపలి రేవులోకి వచ్చింది 1928లో. 2011లో వల్లార్‌పాడంలో కంటైనర్ టెర్మినల్ వచ్చింది. 1957లో యూదుల వీధిలో మొదలైన మిరియాల ఎక్స్చేంజిలో గొంతు చించుకుని బేరాలు అరిచేవాళ్ళట. అది కంప్యూటర్ల మీదికి పోయింది. గోడౌన్లు ఒక్కొక్కటిగా ఖాళీ అయ్యాయి. ఎత్తైన పెంకుల కప్పు, రెండడుగుల మందం గోడలు, పైనుంచి పడే వెలుతురు. బొమ్మలు వేసేవాడికి ఇంతకంటే ఏం కావాలి? అద్దె కూడా తక్కువే ఆ రోజుల్లో.

అయితే గోడౌన్లు ఖాళీ అయ్యాకే అక్కడికి కళ వచ్చిందనుకుంటే పొరపాటు. కేరళ చిత్రకారుల్లో పెద్దతరం వాళ్ళు చాలామంది మన మదరాసు ఆర్ట్ స్కూల్లో చదివినవాళ్ళే. దేవీప్రసాద్ రాయ్ చౌధురి, ఆ తరువాత కె.సి.ఎస్. పణిక్కర్ ప్రిన్సిపాళ్ళుగా ఉన్న బడి అది. మన కె. శ్రీనివాసులు గారూ అక్కడివారే. అదే బడిలో చదివిన సి.ఎన్. కరుణాకరన్ 1970లలో ఎర్నాకుళంలో ‘చిత్రకూటం’ అని సొంత గ్యాలరీ పెట్టారు. ప్రభుత్వం తోడు లేకుండా ఒక చిత్రకారుడు గ్యాలరీ నడపడమంటే ఆ కాలంలో చేతి చమురు వదిలించుకోవడమే. 1997లో ఫోర్ట్ కొచ్చిలో అనూప్ స్కరియా, డోరీ యంగర్ దంపతులు ఒక పాత డచ్చి ఇంట్లో ‘కాశి’ అని పెట్టారు. ముందు కాఫీ, కేకు; గోడల మీద స్థానిక కుర్రాళ్ళ బొమ్మలు. కాఫీ డబ్బుతో బొమ్మలు బతికాయన్నమాట. ఆ ఇంటికి కాస్త దూరంలో పెరేడ్ మైదానం పక్కన డేవిడ్ హాల్ ఉంది, 17వ శతాబ్దం నాటి డచ్చి కంపెనీ కట్టడం. మలబారు మొక్కలన్నిటికీ బొమ్మలు గీయించి, ఆమ్‌స్టర్‌డామ్‌లో 1678 నుంచి 1693 దాకా 12 సంపుటాలుగా అచ్చువేయించిన వాన్ రీడ్ దొరతో ఆ హాలుకు సంబంధం చెబుతారు. ఆ పుస్తకం పేరు ‘హోర్టస్ మలబారికస్’. ఆకుల పేర్లు, మందు గుణాలు చెప్పింది ఇట్టి అచ్యుతన్ అనే ఈళవ వైద్యుడు. కేరళలో బొమ్మకూ వ్యాపారానికీ ముడి అప్పటిది.

2012 డిసెంబరు 12న కొచ్చి–ముజిరిస్ బినాలే మొదలైంది. రెండేళ్ళకొకసారి జరిగే పెద్ద కళా ప్రదర్శన, మన దేశంలో ఈ పద్ధతిలో మొదటిది. బోస్ కృష్ణమాచారి, రియాస్ కోము అనే ఇద్దరు కేరళ చిత్రకారులు బొంబాయిలో పేరు తెచ్చుకుని, ఇంటిదారి పట్టి చేసిన పని. 1867లో మొదలైన ఆస్పిన్‌వాల్ కంపెనీ గోడౌన్ల ఆవరణ దానికి ముఖ్య వేదిక. నేను 2013 జనవరిలో వెళ్ళాను. బెంగుళూరు నుంచి మా అన్నయ్యా వదినగారూ వచ్చారు. గురువాయూరు దర్శనం చేసుకుని ఇటు వచ్చారు కనుక, సరే ఒక పూట నీ సరదా కూడా తీరుస్తాంలే అన్నారు.

మా వదినగారికి అప్పటికే అరవై దాటాయి. మొదటి రెండు గదులూ గుమ్మం దగ్గర నుంచే చూశారు. “నాకేం అర్థమవుతుందయ్యా, మీరు చూసి రండి, నేను ఈ చెట్టు కింద కూర్చుంటా” అన్నారు. వివాన్ సుందరం అనే ఆయన పట్టణం తవ్వకాల్లో దొరికిన కుండపెంకుల్ని వేలకొద్దీ పేర్చి ఒక నగరం నమూనాలాగా పరిచాడు. పట్టణం అంటే ఊరి పేరే, పాత ముజిరిస్ అక్కడేనని పరిశోధకులు చాలామంది అంటారు. నేను మెచ్చుకుంటూ బయటికి వచ్చేసరికి వదినగారు చెట్టు కింద లేరు.

ఆవరణలో అవతల రుబ్బురోళ్ళు. ఒకటీ రెండూ కాదు, నూట డెబ్బై దాకా. నల్లరాతి రోళ్ళు నేలమీద అటూ ఇటూ చెదిరి, ఎవరో మోసుకుపోతూ మధ్యలో దించినట్టున్నాయి. చేసినవాళ్ళు బెంగుళూరు చిత్రకారిణి షీలా గౌడ, ఆమె భర్త క్రిస్టాఫ్ స్టోర్జ్. పేరు ‘స్టాపోవర్’, మన మాటలో మజిలీ అనవచ్చు. ఆ రోళ్ళు బెంగుళూరు ఇళ్ళల్లోవి. మిక్సీలు, గ్రైండర్లు వచ్చాయి. పాత ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కట్టారు. రోలును ఏం చేయాలి? పారేయడానికి చేతులు రావు. పెళ్ళికి పసుపు రాసి దండం పెట్టిన రాయి. అందుకని వీధి చివర చెట్టు కింద దించి వస్తారు. అలా దిక్కు లేకుండా పడి ఉన్నవాటిని పోగుచేసి లారీలకెత్తి కొచ్చి తీసుకొచ్చారు.

వదినగారు ఒక రోలు ముందు గొంతుక్కూర్చుని లోపలికి చెయ్యి పెట్టి తడుముతున్నారు. తాకకూడదేమోనని నేను గాభరాపడ్డాను. “ఇది బాగా వాడిన రోలు. చూడు, కక్కు అరిగి నున్నబడింది. ఏడాదికోసారి కక్కు కొట్టించకపోతే పిండి నలగదు” అన్నారు. పక్కన నిలబడ్డ మలయాళీ కాలేజీ పిల్లలు వినడం మొదలుపెట్టారు. ఆవిడకు వచ్చిన కన్నడమూ ఇంగ్లీషూ కలిపి, రోళ్ళకు కక్కు కొట్టే ఆడవాళ్ళు వీధిలో ఎలా కేక వేసేవాళ్ళో, ఉలి ఏ వాలున పట్టేవాళ్ళో, కొత్తగా కొట్టిన రోట్లో ముందు ఊక వేసి తిప్పి ఎందుకు కడగాలో అంతా చెప్పారు. లేకపోతే మొదటి వాయి పిండిలో రాతిపొడి పళ్ళకు తగులుతుంది. వాళ్ళు నోటు పుస్తకాల్లో రాసుకున్నారు. నేను ఇరవై ఏళ్ళుగా గ్యాలరీల్లో తిరుగుతున్నాను, నా మాట ఎవరూ ఎక్కడా రాసుకోలేదు.

అన్నయ్య మాత్రం “రోళ్ళు చూడటానికి కొచ్చి రావాలా?” అన్నాడు. ఆ మాటకూ విలువ ఉంది, కొట్టిపారేయలేం. వదినగారు జవాబు చెప్పలేదు. బెంగుళూరు వెళ్ళాక మల్లేశ్వరంలో పాత ఇంటి పెరట్లో వదిలేసిన తన రోలు కోసం కబురు పెట్టారు. ఇల్లు కొన్నవాళ్ళు దాన్ని మెట్ల కింద ఉంచారట. నలుగురు మనుషులు పట్టి తీసుకొచ్చారు, లిఫ్టులో ఎక్కించడానికి వాచ్‌మన్ ఒప్పుకోలేదు. ఇప్పటికీ అది వాళ్ళ అపార్టుమెంటు కారు షెడ్డులో, వాళ్ళ కారు పక్కన ఉంది.

మళ్ళీ నేను వెళ్ళింది 2017 ఫిబ్రవరిలో, మూడో బినాలేకి. అప్పుడు తోడు మా మేనకోడలు, ఏడో తరగతి. ఈసారి ముందు మట్టాంచేరి ప్యాలెస్ చూపించాకే మిగతావి అనుకున్నాను, అది మంచిదైంది. 1555 ప్రాంతంలో పోర్చుగీసువాళ్ళు కట్టి కొచ్చి రాజుకిచ్చిన ఇల్లు అది. 1663లో డచ్చివాళ్ళు కొచ్చి పట్టుకున్నాక మరమ్మతు చేశారు కనుక డచ్ ప్యాలెస్ అని పేరు పడింది. (ఆ డచ్చివాళ్ళే మన మచిలీపట్నంలో అంతకు యాభై ఏళ్ళ ముందే కోఠీ పెట్టి అద్దకం గుడ్డలు కొన్నారు.) బయటికి సాదా పెంకుటిల్లులా ఉంటుంది. లోపల రాజుగారి పడకగది గోడల నిండా రామాయణం. పుత్రకామేష్టితో మొదలై గోడ వెంట సాగిపోతుంది. ఖాళీ జాగా అన్నది లేదు. మనిషికీ మనిషికీ మధ్య తీగలు, తీగల మధ్య పక్షులు. మన లేపాక్షి బొమ్మలు చూసినవాళ్ళకు తేడా వెంటనే తెలుస్తుంది. లేపాక్షిలో మనుషులు పక్కకు తిరిగి బారులు తీరి నడుస్తుంటారు, మధ్యన నేల కనబడుతుంది. ఇక్కడ అందరూ మనకెదురుగా పెద్ద కళ్ళతో, బరువైన కిరీటాలతో కిక్కిరిసి ఉంటారు. కింది గదుల్లో కృష్ణుడు, శివుడూ మోహినీ ఉన్నారు. మ్యూజియానికి శుక్రవారం సెలవు, మరిచిపోయి వెళ్ళకండి. లోపల ఫొటోలు తీయనివ్వరు. తీయనివ్వకపోవడమే నయం, పిల్లలు గోడను చూస్తారు.

ఈ బొమ్మల పద్ధతి ఇంచుమించు పోయిందనుకున్న విద్య. 1970 నవంబరు 30న గురువాయూరు గుళ్ళో నిప్పంటుకుని గర్భగుడి చుట్టూ ఉన్న పాత చిత్రాలు చాలా భాగం పాడయ్యాయి. మళ్ళీ వేయించాలంటే ఆ పద్ధతి తెలిసిన ముసలివాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది మిగిలారు. వాళ్ళలో మమ్మియూర్ కృష్ణన్‌కుట్టి నాయర్ ఒకరు. అగ్నిప్రమాదం జరిగి ఉండకపోతే ఆయన పనితనం ఆయనతోనే పోయేదేమో. 1989లో గురువాయూరు దేవస్వం ఒక బడి పెట్టింది, ఆయన నేర్పించారు. ఆయన శిష్యుల్లో ఒకరు పి.కె. సదానందన్.

సదానందన్ 2016 బినాలేకి ఆస్పిన్‌వాల్ హౌస్‌లో 15 మీటర్ల పొడుగు బొమ్మ వేశారు. వేసి ఉంచలేదు, ప్రదర్శన జరిగినన్నాళ్ళూ సహాయకులతో కూర్చుని జనం ముందే వేస్తూ ఉన్నారు. మేము వెళ్ళేసరికి ఒక పక్క రంగు నిండింది, మరొక పక్క ఇంకా పసుపు గీతలే. మా మేనకోడలు గంటన్నర సేపు కదలలేదు. గోడ మీద మొదట పలుచటి పసుపుతో గీస్తారు, దాని మీద ఎర్రగీత ఖాయం చేస్తారు. తరువాత రంగులు ఒక వరసలో. నల్లటి అంచు అన్నిటికంటే చివర. రంగులు ఐదే. పసుపూ ఎరుపూ రాళ్ళు నూరితే వస్తాయి. ఆకుపచ్చకు నీలిచెట్టు ఆకు రసం, ఒక చెట్టు జిగురు. నలుపు దీపం మసి. తెలుపు సున్నం, అంటే గోడే. సత్వగుణం వాళ్ళకు పచ్చ, రజోగుణానికి ఎరుపు, తామసులకు నలుపు అని లెక్క. కథకళి వేషం చూసినవాళ్ళకు ఇది తెలిసిన సంగతే. రంగు పట్టడానికి వేపబంక కలుపుతారు.

పాత పద్ధతిలో గోడ తయారు చేయడమే సగం పని. సున్నం, ఇసుక కలిపిన పూతలోకి కరక్కాయ కషాయం పోస్తారు. పైన లేత కొబ్బరినీళ్ళలో కలిపిన సున్నం పాతికసార్లకు పైగా పూస్తారు. కరక్కాయ అనగానే నా ప్రాణం లేచి వచ్చింది. మన కలంకారీ గుడ్డను రంగుకు ముందు నానబెట్టేది కరక్కాయ, గేదెపాలలోనే కదా! ఒకరు గోడకు, ఒకరు గుడ్డకు. ఇద్దరి దినుసూ ఒకే చెట్టు మీది కాయ.

సదానందన్ ఎంచుకున్న కథ పరయి పెట్ట పందిరుకులం. విక్రమార్కుడి ఆస్థానంలో వరరుచి మనకూ తెలిసినవాడే. ఆయన మాలపిల్లను పెళ్ళాడతాడని జాతకం. తప్పించుకోవాలని చూస్తాడు, తప్పదు; తెలియకుండానే పెళ్ళాడతాడు. ఇద్దరూ దేశం మీద పడి నడుస్తుంటే దారిలో పన్నెండు కాన్పులు. ప్రతిసారీ భర్త అడుగుతాడు, బిడ్డకు నోరుందా అని. ఉందంటుంది ఆమె. అయితే నోరిచ్చినవాడే కూడిస్తాడు, వదిలేసి నడవమంటాడు. పదకొండు మందిని అలా వదిలింది. పన్నెండోసారి కడుపుతీపి పట్టలేక నోరు లేదని చెప్పింది. చెప్పినట్టే ఆ బిడ్డ నోరు లేనివాడైపోయాడు. వాణ్ణి కొండమీద దేవుణ్ణి చేశారు. వదిలేసిన పదకొండు మందీ ఒక్కొక్కరు ఒక్కొక్క ఇంట పెరిగారు. ఒకడు అగ్నిహోత్రి, ఒకడు వడ్రంగి, ఒకడు చాకలి, ఒకడు ముస్లిం వర్తకుడు, ఒకడు మాలవాడలో పక్కనార్, ఒకడు కొండమీదికి బండ దొర్లించి కిందికి తోసి నవ్వుకునే పిచ్చివాడు. ఏడాదికోసారి తండ్రి తద్దినానికి అందరూ కలుస్తారు. పక్కనున్న ఒక పెద్దాయన ఇదంతా తమిళం కలిపిన మలయాళంలో చెప్పారు. “మావయ్యా, ఆ అమ్మ పేరేమిటి?” అని అడిగింది మా పిల్ల. పెద్దాయన కాసేపు ఆలోచించి, కథలో ఆమెను పరయి అనే అంటారు, అది కులం పేరే అన్నారు. గోడ మీద ఆమె కోసం వెతికి, రంగు ఇంకా పడని చోట ఉన్న ఒక ఆడ బొమ్మను చూపించి ఇదేనేమో అనుకున్నారు ఇద్దరూ.

అదే ఆవరణలో చిలీ దేశపు కవి రౌల్ జురీతా ఒక పొడుగాటి గోడౌనులో మోకాలి దాకా ఉప్పునీళ్ళు నింపించాడు. సముద్రంలో మునిగిపోయిన సిరియా శరణార్థి పిల్లవాడి కోసం చేసింది. చెప్పులు చేత పట్టుకుని నీళ్ళలో నడిచి అవతలి గోడ మీది మాటలు చదవాలి. నేను నడవలేదు, ప్యాంటు తడుస్తుందని. ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

బినాలే వల్ల ఊరికి పేరు వచ్చింది. 2018లో అనితా దూబే మొదటి మహిళా క్యూరేటరుగా నడిపారు. ఆ ఏడాది ఆగస్టు వరదల్లో పాడైన ఇంటి సామాన్లు కూడా ప్రదర్శనలో భాగమయ్యాయి. కోవిడ్ వల్ల 2020లో జరగలేదు. 2022లో డిసెంబరు 12న తెరవాల్సింది 23 దాకా ఆలస్యమై, పాల్గొన్న కళాకారులే బహిరంగ లేఖ రాశారు. ఆరోది 2025 డిసెంబరు 12న మొదలై 2026 మార్చి 31తో ముగిసేలా పెట్టారు. ఇంత పెద్ద పందిరి వేసినప్పుడు ఈ లోటుపాట్లు ఉంటాయి. నా బెంగ వేరు. పందిరి తీసేశాక ఆ ఊళ్ళో బొమ్మలు వేసేవాళ్ళ సంగతేమిటి?

అది తెలుసుకుందామని ఒక జూలైలో, పండుగ లేని ఏడు, పనిగట్టుకుని వెళ్ళాను. ముసురు. మూసిన గోడౌన్లు. కాఫీ హోటళ్ళలో మనుషులు లేరు. మట్టాంచేరిలో ఒక సందులో మేడమీద దీపం వెలుగుతుంటే గుమ్మం పక్కన బోర్డు చూసి ఎక్కాను. అది ఒక చిత్రకారుడి గది, నలభై ఏళ్ళ మనిషి. లినోలియం ముక్క మీద ఉలితో గీస్తున్నాడు. నన్ను చూసి లేవలేదు, కుర్చీ మాత్రం చూపించాడు. నాకు అది నచ్చింది.

గదిలో రెండు బీరువాలు. ఒకదానిలో కథకళి ముఖాలు, చైనా వలలు, అరటి ఆకులు. “ఇవి అద్దె” అన్నాడు. రెండోదాని తలుపు తీయడానికి కాస్త తటపటాయించాడు. అందులో వాళ్ళ నాన్న బొమ్మలు. అంటే తండ్రి గీసినవి కాదు, తండ్రిని గీసినవి. ఆయన గోడౌనులో మూటలు మోసే కూలీ. వంగిన వీపులు, గోనెపట్టా తలపాగాలు, తూకం కాటా పక్కన నిద్రపోతున్న మనిషి. ఒక్కటీ అమ్మలేదట. అమ్మడం ఇష్టం లేకనా అంటే, కాదు, ఎవరూ అడగకనే అన్నాడు. బినాలే రోజుల్లో జనం సందులోకి వస్తారు, ఫొటో తీసుకుంటారు, కిందికి పోతారు. అద్దె మాత్రం బినాలే వచ్చినప్పటినుంచి ప్రతి రెండేళ్ళకూ పెరుగుతోంది. పక్క రెండు గదులూ హోమ్‌స్టేలయ్యాయి. “ఆ పండుగ లేకపోతే నాకు ఈ పని మీద ఆశే పుట్టేది కాదు, ఆర్ట్ స్కూలుకే వెళ్ళేవాణ్ణి కాదు. అది ఉండబట్టే ఈ గది పోతుంది” అని నవ్వాడు. నేను ఏ పక్కా మాట్లాడలేకపోయాను.

అచ్చు బొమ్మ అంటే క్యాలెండరు బొమ్మ అనుకుంటాం మనం. కాదని ఆయనే చేసి చూపించాడు. బొమ్మను అద్దంలో చూసినట్టు తిరగేసి చెక్కాలి. తెల్లగా ఉండాల్సినదంతా తీసేయాలి. రోలరుతో సిరా పూసి, కాగితం పరిచి, చెంచా వెనకతో రుద్దాడు. ప్రెస్సు కొనే స్తోమత లేదు మరి. కాగితం లేపేటప్పుడు ఊపిరి బిగబట్టాడు, ఇన్నేళ్ళ తరువాత కూడా. కింద పెన్సిలుతో 7/25 అని రాశాడు. ఇరవై అయిదు కాగితాలే తీస్తాడు, అందులో ఇది ఏడవది. ఆ తరువాత పలకను పాడుచేస్తాడు. కనుక దాని ధర నూనెరంగుల బొమ్మలో పదోవంతు కూడా ఉండదు గానీ అది నకలు కాదు, అసలే.

మీరు వెళ్ళినప్పుడు ఇలాంటి గది కనబడితే ఎక్కండి. ధర అడగడం మర్యాద తప్పు కాదు, కొనకుండా రావడమూ తప్పు కాదు. బేరమాడటం మాత్రం చేపల మార్కెట్టు దాకా ఆపుకోండి. ఎలా చేశారని అడిగితే ఇంచుమించు అందరూ చెబుతారు. కొంటే సంతకం, సంవత్సరం, అచ్చు సంఖ్య చూసుకోండి. కాగితం మీది బొమ్మ అయితే ఎండ తగిలే గోడకు, వంటింటి గోడకు తగిలించకండి. అద్దానికి ఆనకుండా చుట్టూ అట్ట పెట్టి ఫ్రేము కట్టించాలి, లేకపోతే మన సముద్రపు ఊళ్ళ తేమకు మచ్చలు పడతాయి. గోడ తెలియకపోతే ఎర్నాకుళంలో దర్బార్ హాలు ఆర్ట్ సెంటరుకు ముందు వెళ్ళండి. లలితకళా అకాడమీది, ఏడాది పొడుగునా ఏదో ఒక స్థానిక ప్రదర్శన ఉంటుంది. కంటికి కాస్త అలవాటు పడుతుంది. పిల్లలుంటే మట్టాంచేరి ప్యాలెస్‌తో మొదలుపెట్టండి, కథ తెలుసు కనుక కాలు ఆగుతుంది. బినాలే ఉన్న ఏడు అయితే ఒక రోజులో అన్నీ చూద్దామని పరుగెత్తకండి. మూడు గదులు చాలు.

నేను రెండో బీరువాలో ఒకటి అడిగాను, తూకం కాటా పక్కన నిద్రపోయే మనిషిది. ఆయన నమ్మలేనట్టు చూశాడు. ధర ఏం చెప్పాలో తెలియక, ఎన్నడూ అనుకోలేదన్నాడు. ఇద్దరం మొహమాటపడి చివరికి రెండు వేలకు తేల్చుకున్నాం. వాన ఆగలేదు కనుక మలయాళం పేపరులో చుట్టి, దాని మీద ప్లాస్టిక్ సంచి చుట్టి, పురికొసతో కట్టి ఇచ్చాడు. పడవలో వళ్ళో పెట్టుకుని వచ్చాను.

మా ఊళ్ళో ఫ్రేము కట్టేవాడికి చూపిస్తే, కాగితం తేమ పట్టి ఉంది, ఇప్పుడు కడితే అద్దం లోపల బూజు వస్తుంది, వానలు వెలిశాక తెమ్మన్నాడు. దసరాకు వచ్చిన వదినగారు అది విప్పి బల్ల మీద పరిచి చూశారు. “కాటా రాళ్ళు సరిగ్గా వేశాడయ్యా, ఇనప రాళ్ళ మీద కడియం కూడా ఉంది” అన్నారు.